కాలవ పాలైన రొట్టెలు

"ఆ వ్యాను ఆపండి! ఒక్క రొట్టె కూడా బయటికి పోకూడదు!"

చోడవరం బజారులో, పరదేశి బేకరీ ముందు ఆటో పూర్తిగా ఆగకముందే దూకాడు ఓ నడివయసు మనిషి. చొక్కా చెమటకి తడిసి వీపుకి అంటుకుపోయింది.

దేవరాపల్లి హాస్టలుకి రొట్టెల ట్రేలు ఎక్కిస్తున్న పరదేశి వెనక్కి తిరిగాడు.

"ఏటి బాబూ, ఏటి గొడవ?"

"రొట్టె మెత్తగా రావడానికి పిండిలో ఎంజైము పౌడరు కలుపుతారు కదా? మొన్న వచ్చిన డబ్బాలో విషం ఉంది. పిల్లలు తింటే ప్రాణాల మీదికొస్తుంది."

విషం అన్న మాట వినగానే పరదేశికి ఒళ్లు మండిపోయింది.

ఈమధ్యనే ఎవడో అతని రొట్టెలో పురుగులున్నాయని ఫోన్లలో వీడియో తిప్పాడు. బేరం సగానికి సగం పడిపోయింది. వాడు దొరికితే నరికేస్తానని బజారంతా చెప్పుకు తిరుగుతున్నాడు పరదేశి. తెలియని నెంబర్ల నుంచి తిట్లు వస్తున్నాయని ఫోను ఎత్తడమూ మానేశాడు.

"ఆ ఈడియో పెట్టినోడివి నువ్వేనేట్రా?"

"కాదండీ, నా మాట వినండి. నేను..."

మాట పూర్తికాకుండానే చెంప పగిలింది.

ఆ మనిషి తూలాడు. నిలదొక్కుకున్నాడు. తిరిగి కొట్టలేదు. వ్యానెక్కి, ఒక ట్రే లాగి, రొట్టెలన్నీ మురుగు కాలవలోకి గుమ్మరించాడు. ఒకదాని తర్వాత ఒకటి ట్రేలు ఖాళీ చేస్తూ పోయాడు.

"దాసూ! ఆణ్ని పట్టుకోరా!"

పొయ్యి దగ్గర పనిచేసే దాసు ఇనప గొట్టంతో పరిగెత్తుకొచ్చాడు. జనం పోగయ్యారు. వీడియోవాడు దొరికాడట అన్న మాట నోటినోటా పాకింది. కాళ్లు పట్టి కిందికి ఈడ్చారు. తలో దెబ్బా వేశారు. అతని ఫోను జేబులోంచి జారి, ఎవరి చెప్పుల కిందో నుగ్గయిపోయింది.

"సెప్పరా! ఎవుడు పంపేడు నిన్ను?"

"ఎవరూ పంపలేదు." నోటినిండా రక్తం. "నేనే వచ్చాను."

పాక్కుంటూ పోయి ఆఖరి ట్రే అంచు పట్టుకుని లాగాడు. రొట్టెలు దొర్లుకుంటూ కాలవలో పడ్డాయి.

పరదేశి దాసు చేతిలోని గొట్టం లాక్కున్నాడు.

ఆ దెబ్బ చప్పుడుకి జనం వెనక్కి జరిగారు. ఒక్కొక్కరే జారుకున్నారు.

అంబులెన్సు వచ్చి ఆ మనిషిని తీసుకుపోయింది. వెనకాలే బండి మీద వెళ్లిన దాసు అనకాపల్లి ఆసుపత్రి నుంచి ఫోను చేశాడు.

"అన్నా... దారిలోనే పోయేడంట. పేరేటో ఊరేటో ఎవులికీ తెలీదు. పోలీసులు మన షాపుకే వస్తన్నారు."

పరదేశి అరుగు మీద కూలబడ్డాడు. చేతుల మీది రక్తం పిండితో కలిసి అట్టకట్టింది. భార్య చిన్నతల్లి మెట్ల మీద బిందెలతో నీళ్లు కుమ్మరిస్తోంది.

అప్పుడే బస్సు దిగిన ఓ అమ్మాయి వగరుస్తూ వచ్చింది.

"పరదేశి గారి బేకరీ ఇదేనా అండీ? నా పేరు శాలోమి. మీరు వాడే ఎంజైము కంపెనీలో పరీక్షలు చేస్తాను. రొట్టెలు బయటికి ఎల్లిపోయాయా?"

"ఒక్కటీ ఎల్లలేదమ్మా," అంది చిన్నతల్లి. "అన్నీ కాలవలోనే ఉన్నాయి."

శాలోమి గుండెల మీద చెయ్యి వేసుకుంది.

"ఆ పౌడరు ఓ రకం బూజుని పెంచి తీస్తామండి. బూజు ఒక్కోసారి విషం కూడా పుట్టిస్తాది. అందుకే పరీక్షలో నెగ్గితేగాని అమ్మకూడదు. ఈసారి పరీక్ష అవకముందే గోడౌనోళ్లు సరుకు పంపించేసేరు. నిన్న చూస్తే విషం తేలింది. ఎన్ని ఫోన్లు చేసినా మీరు ఎత్తలేదు."

ఆ మనిషి చెప్పింది నిజమే. పరదేశి తన చేతుల మీది రక్తం వంక చూసుకున్నాడు. దిగమింగలేని బాధ కోపమై లేచింది.

"మీ ఓనరెవుడు? ఆణ్ని రమ్మను ఇక్కడికి! పీక కోసేస్తాను!"

శాలోమి బెదిరిపోయి వెనక్కి జరిగింది.

"నన్ను ఇదే సరుకెల్లిన బుచ్చయ్యపేట షాపుకి పంపి, ఓనరు గారు పొద్దున్నే మీ దగ్గరికి బయల్దేరేరండి... ఇంకా రాలేదా?"