పక్కింటి సోల్వెగ్

చైతన్య కారు రివర్స్ చేయబోతుంటే పక్కింటి ముసలావిడ వెనక వచ్చి నిలబడింది.

బ్రేక్ తొక్కి, విసుగ్గా దిగాడు.

“సోల్వెగ్, తప్పుకోండి. కరెంట్ పోయి ఇల్లంతా ఐస్‌లా ఉంది. హోటల్‌కి వెళ్తున్నాం.”

“ఈ మంచు మీద కారు ఆగదు. పసిబిడ్డతో వెళ్లకండి.”

“అది మా విషయం.”

“అయితే నా మీంచే పోనివ్వు.”

అమెరికాలోని ట్రాయ్‌లో ఆ ఉదయం కురిసిన మంచుకి చెట్లు విరిగి కరెంట్ తీగల మీద పడ్డాయి. వెనక సీట్లో భార్య హాసిని, పక్కనే కార్‌సీట్‌లో నెల నిండని దియ.

“చైతూ, నాకూ భయంగానే ఉంది. ఇంట్లోకి పోదాం,” అంది హాసిని.

“ఈవిడ చాదస్తానికి మనం లొంగాలా?” తెలుగులో గొణుక్కుంటూనే ఇంజన్ ఆపేశాడు.

సోల్వెగ్ వాళ్ల వెంటే లోపలికి వచ్చి, అన్నిటికన్నా చిన్న గది చూసుకుంది. కిటికీకి దుప్పట్లు కట్టించింది. తలుపు కింద సందులో తువ్వాళ్లు కుక్కించింది.

“పాప బట్టలు విప్పి నీ గుండెకి ఆనించుకో. పైన కప్పుకో. ముఖం మాత్రం కనబడాలి,” అంది హాసినితో.

చైతన్య వైపు తిరిగింది.

“నువ్వు ఆమె వీపుకి ఆనుకుని కూర్చో. ఈ గదికి హీటరువి నువ్వే.”

ముఖం మాడ్చుకునే కూర్చున్నాడు.

కాసేపటికి ఫ్రెండ్ ఫోన్ చేశాడు. వాళ్లు వెళ్లాలనుకున్న రోడ్డు మీద కార్లు జారి ఒకదాన్నొకటి గుద్దుకున్నాయట.

చైతన్య హాసిని వీపుకి ఇంకాస్త దగ్గరగా జరిగాడు.

దియ చేతులు వెచ్చబడ్డాయి. పాలు తాగింది.

“మీకు పిల్లలెందరు?” అడిగింది హాసిని.

“ఎవరూ లేరు. పెళ్లే చేసుకోలేదు.”

“మరి ఇవన్నీ ఎవరు నేర్పారు?”

“చలే నేర్పింది,” అంటూ జారుతున్న దుప్పటి సర్దింది సోల్వెగ్.

కరెంట్ వచ్చాక తన ఇంటికి వెళ్లిపోయింది. థాంక్స్ చెప్పడానికి చైతన్యకి అహం అడ్డొచ్చింది. అన్నప్రాసనకి పిలిచి అప్పుడు చెబుదామనుకున్నాడు.

ఆ లోపే, నిద్రలోనే సోల్వెగ్ కన్నుమూసింది.

చర్చిలో సంతాపసభకి నార్వే నుంచి నిల్స్ అనే తెల్లజుట్టు పెద్దాయన వచ్చాడు. హాసిని ఒళ్లోని దియని చూసి నవ్వి, పక్కనే కూర్చున్నాడు. మంచు కురిసిన రోజు సంగతి చైతన్యే ఆయనకి చెప్పాడు.

నిల్స్ దియ తల నిమిరాడు.

“మాది ఉత్తరాన సముద్రం ఒడ్డున చిన్న ఊరు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైన్యం వెనక్కి పోతూ ఒక్క ఇల్లు మిగల్చలేదు. పడవలు తగలబెట్టింది. పశువుల్ని కాల్చి చంపింది. జనాన్ని ఓడల్లోకి తోలింది. తప్పించుకున్నవాళ్లం కొండగుహలో దాక్కున్నాం.”

“చలికాలంలోనా?” అంది హాసిని.

“అవును. పెద్దవాళ్లు జ్వరాలతో పడిపోయారు. కొందరు మళ్లీ లేవలేదు. మా అమ్మ కూడా. పాలు తాగే బిడ్డలందర్నీ సోల్వెగ్ చూసుకుంది. ఒకరి తర్వాత ఒకరిని గుండెకి కట్టుకుని తిరిగింది.”

ఆయన తలెత్తాడు. గొంతు ఖంగుమంది.

“ఊరు మొత్తం బూడిదైంది. కానీ ఆ గుహలో ఒక్క బిడ్డ కూడా పోలేదు. ఆ బిడ్డల్లో నేనొకణ్ణి.”

చైతన్య కళ్లు తుడుచుకున్నాడు.

“ఆవిడ అప్పట్లో నర్సా?”

“కాదు బాబూ,” అన్నాడు నిల్స్ గర్వంగా. “అప్పటికి సోల్వెగ్‌కి ఇంకా పన్నెండేళ్లు నిండలేదు.”