మద్ది తొర్రా, ఇప్ప తొర్రా

పాత పట్టులో చోటు చాలక, సగం తేనెటీగలు రాణిని తీసుకుని బయటికొచ్చి తుమికి కొమ్మకు గుత్తిలా వేలాడాయి. కొండ మీద మబ్బు కమ్ముతోంది. వాన పడేలోగా ఇల్లు దొరక్కపోతే రాణితో సహా అందరికీ ఆఖరే.

మద్దిచెట్టు తొర్ర చూసొచ్చిన బంగారక్క ఆ దిక్కుకు తిరిగి ఆడింది. తేనెటీగలు తోవ చెప్పేది ఆటతోనే. (మన సభల్లోనూ ఆడి చెప్పాలంటే ఉపన్యాసాలు ఎంత పొట్టివయ్యేవో!) సగంమంది ఆమెతో కలిసి ఆడారు. చిన్నది చిలకమ్మ మాత్రం ఇప్పచెట్టు వైపు ఆడింది.

“ఆ చీమకన్నంలోనా? రాణమ్మను కాళ్ళు ముడుచుకుని పడుకోమంటావుటే?” అంది బంగారక్క.

“చూసొచ్చి నవ్వక్కా!”

చూడకుండా కాదనడం వాళ్ళ ఇంటావంటా లేదు. బంగారక్క విసుక్కుంటూనే వెళ్ళింది. గుమ్మం చిన్నదే గానీ లోపల విశాలం, గోడలు పొడిపొడి. మద్ది తొర్ర కంటే ఇదే మేలు. నోరు మెదపకపోతే గెలుపు తనదే.

తిరిగొచ్చి, అందరి నడుమా నిలబడి, ఇప్పచెట్టు వైపు రెక్కలదిరేలా ఆడింది.

“మరి నీ తొర్రో అక్కా?” చిలకమ్మ తెల్లబోయింది.

“దాని ఊసెత్తకే! దాని నోరు నా నోరంత పెద్దది. మనకంటే ముందు వానే అందులో కాపురం పెడుతుంది. పదండి పదండి!”

గుత్తి గుత్తంతా ఝుమ్మని లేచింది.