ఒక్క కీ

అబిడ్స్‌లో దుకాణాల షట్టర్లు పడిపోయాయి. పై అంతస్తు ఆఫీసులో వైశాలి ఒక్కతే కూర్చుని, చనిపోయిన తాత సి భాషలో రాసిన పాత ప్రోగ్రామ్‌ను బ్రౌజర్‌లో నడిచేలా మారుస్తోంది.

మంచానపడ్డ నానమ్మ కమల కోసం రాశాడాయన. ప్రోగ్రామ్ ఒక ప్రశ్న అడిగి, ఆమె కీ నొక్కేదాకా ఆగేది. నొక్కితే తెర మీద "ఔ" అని పడేది. కీ చప్పుడు వినగానే పక్క గదిలోంచి తాత లేచి వచ్చేవాడు. ఆమెకు తికమక లేకుండా కీబోర్డులో ఒక్క కీ ఉంచి మిగతావన్నీ పీకేశాడు. నానమ్మ కూడా పోయాక, వైశాలి ఆ కీబోర్డును నాంపల్లి ఇంటి నుంచి తెచ్చి ఆఫీసు తలుపు పక్కన సంచిలో పడేసింది.

బ్రౌజర్‌లో అలా ఆగితే పేజీ మొత్తం బిగుసుకుపోతోంది. అందుకే కీ నొక్కేదాకా ప్రోగ్రామ్ నిద్రపోయేలా మార్చింది. సరిచూడ్డానికి ఏ కీ నొక్కకుండా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"కమలా, నీళ్లు కావాల్నా?" అని తెర మీద మొదటి ప్రశ్న పడింది.

కాసేపటికి దాని కింద "ఔ" అని పడింది.

తమ్ముడు ప్రణయ్‌కి ఫోన్ చేసి, కీ నొక్కకుండానే జవాబు పడిందని చెప్పింది.

"ఆగకుండ ఉరుకుతున్నట్టుంది అక్కా. కోడ్‌ల ఏదో తప్పుంటది."

"కీ కొట్టనిదే కదలదురా."

"జర నీ కీబోర్డు వైరు పీకి చూడు."

పీకింది. రెండో ప్రశ్న దగ్గర ప్రోగ్రామ్ ఆగిపోయింది.

"నేను రానా?" అని ఉంది తెర మీద.

"ఆగిందిరా," అంది వైశాలి ఊపిరి వదులుతూ.

తలుపు పక్కన సంచిలో ఆ ఒక్క కీ టక్కుమంది.

"ఏంది అక్కా గా చప్పుడు?" అన్నాడు ప్రణయ్.

తెర మీద ఏం పడిందో చూడకుండానే వైశాలి తలుపు వైపు తిరిగింది.