మంగు మచ్చల మందు

“ఈ ట్యూబు ఎన్నాళ్ల సంది రాస్తున్నవ్ బిడ్డా?” భూతద్దం పక్కన పెట్టి అడిగాడు డాక్టర్ రాజారత్నం.

లీలావతి తల ఎత్తలేదు. “మూడేండ్ల సంది.”

పక్క కుర్చీలో కూర్చున్న తల్లి కౌసల్య గిరుక్కున కూతురి వైపు తిరిగింది. పదిహేనేళ్ల పిల్ల. నలుపే అయినా ఏం కళ ఆ మొహంలో! సూర్యాపేటలో వాళ్ల వాడకట్టంతా మురిసిపోయేది. ఇప్పుడు ఆ చెంపల మీద, నుదుటి మీద బూడిదా నీలమూ కలిసిన మరకలు. ఎంత కడిగినా పోవడం లేదు.

“దీంట్ల హైడ్రోక్వినోన్ అని మందుంటది,” అన్నాడు డాక్టర్. “మచ్చలకు పనిచేస్తది, కాదన. కానీ రెండు మూడు నెలలే, అదీ డాక్టర్ సూస్తుండంగ రాయాలె. ఎండకు పోవద్దు. నువ్వేమో ఇది పూసుకొని సైకిల్ మీద బడికి పోతివి. ఏండ్లకేండ్లు రాస్తే గిట్లనే ఎదురు తిరుగుతది. అసలు నీకు ఇది ఎవరిచ్చిండ్రు?”

లీలావతి లెక్కల పుస్తకంలోంచి ఒక మడత కాగితం తీసి బల్ల మీద పెట్టింది. కౌసల్య దాన్ని విప్పి చూసింది. అది తన పేరు మీది చీటీయే. తొంభై ఒకటిలో తనకు మంగు మచ్చలు వస్తే మిర్యాలగూడ డాక్టరు రాసిచ్చింది. రెండు నెలలు రాసుకుంది, మచ్చలు తగ్గాయి, చీటీని బీరువాలో పడేసి మరిచిపోయింది.

“ఇది సూపిస్తే షాపాయన ఇచ్చిండు. అమ్మకే అనుకున్నడు,” అంది లీలావతి.

డాక్టర్ నెత్తి కొట్టుకున్నాడు. “మనోళ్లతోని ఇదే పరేషాన్! ఒక్కసారి రాసిస్తే ఇగ బతుకంత అదే చీటీ, ఇంటిల్లిపాదికీ అదే మందు!”

“పోతయా డాక్టర్ సాబ్, ఈ మరకలు?”

“మందు బంద్ చేస్తే ముదరకుంట ఆగుతయి. మొత్తం పోతయని మాత్రం మాటియ్యలేనమ్మా.”

బయటికి రాగానే కౌసల్య రిక్షా టాపు వేయించింది. కూతురి మొహం ఎవరి కంటా పడకూడదని. రిక్షా కదిలిందో లేదో దుఃఖం, కోపం కలిసి తన్నుకొచ్చాయి.

“బడిల ఎవరన్న ఎక్కిరించిండ్రా?”

“లేదమ్మా.”

“ఏ పోరడన్న ఏమన్న అన్నడా?”

“ఛీ, లేదు.”

మూడేళ్లంటే, పిల్ల ఎండాకాలం సెలవులకు కోదాడలో మేనత్త ఇంటికి వెళ్లొచ్చిన ఏడు. కౌసల్యకు చప్పున వెలిగింది.

“కోదాడ అత్త అన్నదా? ఆమె నోటికి మొక్కాలె! ‘మీ అమ్మా నాయినా అంత తెల్లగుంటరు, నువ్వెవరి పోలికనే’ అన్నదా?”

ఆ ప్రశ్న కౌసల్యకు కొత్తది కాదు. ఏ పేరంటానికి వెళ్లినా ఎవరో ఒకరు అడక్క మానరు. ‘మా అత్తగారి చాయ. అందుకే ఆమె పేరే పెట్టుకున్నం’ అని టకీమని నోరు మూయించేది. ఆ అత్తగారిని చూసినవాళ్లు ఊళ్లో ఎవరూ లేరు గనుక మాట అక్కడితో ఆగేది.

“అత్త తప్పేం లేదమ్మా. నేనే అడిగిన. దగ్గర కూసోబెట్టుకొని మంచిగనే చెప్పింది.”

“ఏం చెప్పింది? తెల్లగ కమ్మన్నదా?”

లీలావతి తల అడ్డంగా ఊపింది. కౌసల్య ఇక ఆపుకోలేక భోరుమంది.

“నీ రంగుకేం తక్కువైందే తల్లీ? నేనెన్నడన్న నల్లగున్నవన్ననా? నీ మొఖం సూస్తెనే గదనే నాకు తెల్లారేది!”

“అన్లేదమ్మా. నువ్వు ఒక్కనాడు గూడ అన్లేదు.”

“మరెందుకే? బంగారమసొంటి మొఖం ఎవరి కోసం ఖరాబు చేసుకున్నవ్?”

లీలావతి తల్లి చెయ్యిని రెండు చేతుల్లోకి తీసుకుంది. ఆ తెల్లని చేతి వంక చూస్తూ మెల్లగా అంది:

“నీ కడుపుల పుట్టినట్టు కనపడాల్నని, అమ్మా.”