తెల్లబడే లైటు

కిటికీల్లేని ఆస్పత్రి గదిలో, తెల్లవారుజామున పసుపురంగు లైటు దానంతటదే తెల్లబడటం మొదలైంది. వీరదుర్గ భర్త పక్షవాతంతో మంచాన పడున్నాడు. అతని కుడిచెయ్యి మెల్లగా పిడికిలి బిగించింది.

"చూశారా అండి! మూడ్రోజులుగా ఈ వేళకే. ఈ లైటు వల్లే ఒంటికి పగలూ రాత్రీ తెలుస్తోంది," అంది నర్సు తబిత సంబరంగా.

"దాన్ని ఆపెయ్యండమ్మా, మీకు దండం పెడతాను," అంది వీరదుర్గ.

"ఆటోమేటిక్ అండి, మేం ఆపలేం. అయినా మంచిదేగా?"

వీరదుర్గ ఆ పిడికిలినే చూస్తోంది.

"ఉప్పాడ దగ్గర మా పడవ తిరగబడ్డప్పుడు, నీళ్లలో ఈయన తన తమ్ముడి చెయ్యి ఇలాగే పట్టుకున్నారమ్మా. తెల్లారేదాకానే పట్టు నిలిచింది."

తబిత గబగబా గోడమీది స్విచ్చులన్నీ నొక్కింది.

లైటు ఆరలేదు, పూర్తిగా తెల్లబడింది. పిడికిలి విడిపోయింది.