డిస్కు లేదు

"ఈ డబ్బా నడిచిందంటే నీ బిల్టీలు బందు, సుగుణమ్మా. ఇంట్ల కూసొని బియ్యమేరుకో" అన్నాడు శరణప్ప సేఠ్, కిటికీలోంచి పాన్ ఉమ్మేసి.

జహీరాబాద్‌లో బొంబాయి రోడ్డు మీద ఆయనది లారీల ఆఫీసు. లారీ ఎక్కే ప్రతి సరుకుకూ బిల్టీ, అంటే రసీదు, రాసేది సుగుణమ్మ. ఆమె భర్త ఇదే సేఠ్ లారీ నడుపుతూ ప్రమాదంలో పోయాడు. అప్పటినుంచీ ఆ ఉద్యోగంతోనే ఇల్లు ఈడుస్తోంది. అలాంటి మనిషితో అనే మాటలా అవి? అది నోరు కాదు, మురుగు పారే మోరీ.

ఆయన డబ్బా అన్నది బిల్టీలు తనే అచ్చేసే సర్వరును, 1989 నాటికి ఊళ్లో ఎవరూ చూడని పెద్ద కంప్యూటరును. దానికేమో ఏసీ గది, మనుషులకేమో కిర్రుమనే ఫ్యాను. దాన్ని నడిపించడానికి హైదరాబాద్ కంపెనీ నుంచి మదన్‌మోహన్ అనే ఇంజినీరు వచ్చేవాడు. ఇస్త్రీ చొక్కా, ముక్కుకు రుమాలు.

"ఛీ! ఇది ఆఫీసా, పశువుల కొట్టమా? ఓ క్లర్కమ్మా, దుమ్ము దులపొస్తలేదా?" అని వస్తూనే సుగుణమ్మ మీద పడేవాడు.

"మా పొట్ట గొట్టెటందుకు పెట్టె తెస్తివి. దానికి నేను దుమ్ము దులపాల్నా? థూ!" అనేది ఆమె.

సేఠ్‌కు అది చూస్తే పండగే. క్లర్కులను ఈసడించేవాడు తన మనిషే అని ఆయన లెక్క. కొత్తల్లుడికి చేసినట్టు మర్యాదలు చేసేవాడు. మిగతా గుమాస్తాలు మాత్రం అతనికి మంచినీళ్లు కూడా ఇచ్చేవారు కాదు. నాలుగక్షరాలు రాగానే ఇంత కావరమా అని చాటుగా తిట్టుకునేవారు.

మదన్‌మోహన్ సెటప్ తెర తెరిచి తేదీ, మెమరీ, డిస్కు రకం ఒక్కొక్కటే నింపేవాడు. సేఠ్ వెనకే నిలబడి తలూపేవాడు. నింపినవి నిలవాలంటే ఒక మీట, వద్దనుకుంటే ఇంకొకటి. టక్కున నొక్కేవాడు. తెర నల్లబడి, మళ్లీ వెలిగి, డిస్కు లేదనేది.

"ఎందుకు లేదంటది? లోపల ఉన్నదంటివి గద!"

"మీ కరెంటు గట్ల ఏడ్చింది సేఠ్. పైకెల్లి గీ దుమ్మొకటి!"

తర్వాతి వారం మళ్లీ అదే. కరెంటు బాగుచేయించి, గదంతా కడిగించినా అదే.

చివరికి సేఠ్ ఓపిక చచ్చింది. "థూ, పీడ! నువ్వు, నీ డబ్బా, రెండూ నా కండ్ల ముందట ఉండొద్దు. లారీల ఏసుకొని పో!" అని అరిచాడు. "ఏం జూస్తున్నవ్ సుగుణమ్మా? బిల్టీ రాయి."

రాసి, మదన్‌మోహన్ ముఖాన విసిరేసింది. అతను దాన్ని రెండు వేళ్లతో, ఏదో అంటుకుంటుందన్నట్టు పట్టుకుని వెళ్లిపోయాడు. శని వదిలిందనుకున్నారు గుమాస్తాలు.

పొద్దుగూకే వేళకు ఝరాసంగంలో, తన వంటింట్లో, మదన్‌మోహన్ కంచంలో వేడి జొన్నరొట్టె వేస్తూ, "బిల్టీలు రాసి నిన్ను చదివిపిస్తే నేర్చుకున్నది గీ దొంగ మీట నొక్కుడేనా తమ్మీ?" అని పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది సుగుణమ్మ.