ఎలుగు నిద్ర

"అమ్మా, సాట పక్కకు పెట్టు. బుక్కు చదువు."

అమృత తల ఎత్తలేదు. ఒళ్లో చాట, చాటలో తంబాకు, వేళ్ల మధ్య సగం చుట్టిన బీడీ.

"పొద్దుగాల్నే ఏం బుక్కే? కార్ఖానల బీడీలు ఇయ్యాల్నా, వద్దా?"

"నాయినమ్మ ఇచ్చొస్తది. నువ్వు చదువు."

సౌమ్య చాట అంచు పట్టుకుని లాగింది. రెండో తరగతి పిల్ల. బడికి పొమ్మంటే కడుపునొప్పి అంటోంది. అమ్మ వాకిలి దాటబోతే కొంగు పట్టుకుంటోంది. మొన్నటిదాకా తన జడ తానే వేసుకుంటానని పోట్లాడిన పిల్ల, పది పన్నెండు రోజులుగా మళ్లీ చంటిదైపోయింది. ఎందుకో అమృతకు అంతుపట్టడం లేదు.

చాట దించి పుస్తకం అందుకుంది.

బడిలో ఇచ్చిన బొమ్మల పుస్తకం. ప్రతి పేజీలోనూ మంచే. మల్లాపూర్‌లో ఎవరూ కళ్లతో చూడని మంచు.

"నక్క దొర్లె, కుందేలు జారె,
ఉడుత తోకే టోపీగ మారె."

ఆ ఇంట్లో ఈ పుస్తకాన్ని ముగ్గురు కలిసి చదివేవారు. నక్క, కుందేలు సౌమ్యవి. ఉడుత అమృతది. ఎలుగు ఆమె భర్త మహిపాల్‌ది. అరబ్బు దేశంలో, దమ్మామ్‌లో డ్యూటీ దిగగానే అతను వీడియో కాల్ చేసేవాడు. ఇక్కడ ఫోన్‌ని నీళ్ల చెంబుకు ఆనించి పెట్టేవారు. ఎలుగు చలికాలమంతా గుహలో నిద్రపోతుంది కాబట్టి గురక పెట్టడమే అతని పని. ఆ గురకకు పక్క మంచాల వాళ్లు నవ్వడం ఇక్కడికి వినిపించేది. చివరి పేజీలో మాత్రం ఎలుగు లేస్తుంది. ఆ పేజీ మొత్తం అతనిదే.

ఇప్పుడు ఫోన్ లేదు. సౌమ్య ఆడుకుంటూ నీళ్ల డ్రమ్ములో పడేసింది. అమృత ఆ కోపంలో వీపు మీద నాలుగు వేసింది. పిల్ల ఏడవలేదు. ఏడ్చినా బాగుండేదని ఆమెకు ఇప్పటికీ అనిపిస్తుంది.

"ఎలుగు మీ డాడీది గదా. ఫోన్ బాగైనంక చదువుదాం తియ్."

"ఎలుగు గూడ నువ్వే చదువు."

"నాకు గురక రాదు."

"అస్తది. నాయినమ్మ చెప్పింది, నువ్వు డాడీకంటె పెద్దగ పెడ్తవట."

అమృతకు నవ్వొచ్చింది. వెంటనే ఆ నవ్వు ఆగిపోయింది.

చివరిసారి మాట్లాడినప్పుడు ఇద్దరికీ మాట పట్టింపు వచ్చింది. ఇక చాలు, వచ్చేస్తానన్నాడు మహిపాల్. గోడలకు సున్నమన్నా వెయ్యలేదు, ఇంకొక్క ఏడాది ఉండమంది తను. అతను ఫోన్ పెట్టేశాడు. ఆ మర్నాడే ఫోన్ నీళ్లలో పడింది.

వచ్చెయ్ అని ఒక్క మాట చెప్పాలి. చెప్పడానికి దారి లేదు.

మామ హన్మంతు వాకిట్లో తువ్వాల దులుపుకుంటున్నాడు.

"మామా, ఫోన్ అయిందా?"

"కోరుట్లల ఇచ్చిన బిడ్డా. ఏదో పార్టు రావాల్నట."

"మీ దాంట్లకెల్లి ఓసారి కలుపుండ్రి."

"నిన్న వాడే చేసిండు. డ్యూటీ మారిందట. తీరుతలేదట."

"నన్ను అడగలేదా?"

హన్మంతు తువ్వాల మళ్లీ దులిపాడు. "అడిగిండు," అని, బండి కోసం అన్నట్టు రోడ్డు మీదికి వెళ్లిపోయాడు.

అలిగిండు, అనుకుంది అమృత. తన మీద అలిగి తండ్రికి చేస్తున్నాడు. ఆమె లేచి కొంగు దోపుకుంది.

"పక్కింటి ఐలమ్మ ఫోన్ అడుక్కుని ఒక్కసారి మాట్లాడొస్త. నువ్వు ఈన్నే కూసో."

సౌమ్య పరుగున వెళ్లి గడప మీద అడ్డంగా పడుకుంది.

"ఏందే నీ లొల్లి? లెవ్వు."

"బుక్కు అయినంక పో."

"నీ బుక్కు ఎన్నడయితది? ఆఖరి పేజీ రాంగనే మొదటికెల్లి అంటవు."

పిల్ల లేవలేదు. అమృతకు కొట్టాలనిపించింది. చెయ్యి రాలేదు. గడప మీదే కూలబడి పుస్తకం తెరిచింది. సౌమ్య ఆమె ఒళ్లో తల పెట్టి, ఆకుపచ్చ గాజులను మణికట్టు నుంచి మోచేతి దాకా, మోచేతి నుంచి మణికట్టు దాకా జరుపుతూ వింది. ఈ మధ్య అదొక ఆట దానికి. నిద్రలోనూ గాజులు వదలదు.

"ఎలుగూ ఎలుగూ, లేస్తావా?
మంచులో ఆటకు వస్తావా?"

పేజీ తిప్పబోతే సౌమ్య అరచేయి అడ్డం పెట్టింది.

"ఎలుగును లేపద్దు."

"ఎందుకద్దు? లేస్తెనే గదా కథ అయ్యేది."

"వద్దమ్మా. మళ్ల మొదటికెల్లి."

ఈసారి అమృత వినలేదు. చిన్న చేతిని తీసి పక్కన పెట్టింది. పేజీ తిప్పింది. మహిపాల్ పేజీని తనే చదివింది.

"చలి పోయింది, ఎండొచ్చింది,
గుహలో ఎలుగు కళ్లు తెరిచింది."

అప్పుడే గోడ అవతల రోడ్డు మీద బండి ఆగింది. తలుపులు తెరిచిన చప్పుడు. మగవాళ్ల గొంతులు. అందులో దమ్మామ్‌లో మహిపాల్ పక్క మంచం వాడు, మెట్‌పల్లి పరశురాములు గొంతు ఆమె గుర్తుపట్టింది. వీడియోలో ఎన్నిసార్లు విన్నదో.

చెప్పకుండ అచ్చిండు. అలిగి, చెప్పకుండ అచ్చిండు. పుస్తకం జారిపోతున్నా చూసుకోకుండా అమృత లేచింది. రేగిన జుట్టు సర్దుకుంది. చేతికంటిన తంబాకు కొంగుకు తుడుచుకుంది.

గుమ్మం ముందుకు హన్మంతు వచ్చి నిలబడ్డాడు. తువ్వాల నోట్లో కుక్కుకున్నాడు.

సౌమ్య తల్లి గాజులను రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, అతని వైపు చూసి అంది:

"తాతా, డాడీని పెట్టెల తెచ్చేదాంక అమ్మకు చెప్పద్దన్నవ్ గదా, నేను చెప్పలే."